మైకులో మా వడ్లు

ఎదురింటి పెద్దావిడ బీరువా జరపాలంటే శనివారం సాయంత్రం సాయానికి వెళ్లాను. బీరువా జరిగింది. నేను జరగలేదు. వంగినవాణ్ణి వంగినట్టే ఆగిపోయాను. ఆవిడ కంగారుపడి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది గాని, ఆ భంగిమలో మంచినీళ్లు ఎలా తాగాలో మా ఇద్దరికీ తోచలేదు. ఆఖరికి మా ఆవిడ వచ్చి, పీతని నడిపించినట్టు నన్ను అడ్డంగా నడిపించి, వీధి దాటించి, మంచం మీద పడేసింది. డాక్టరు గారు ఫోన్లోనే విషయం విని వారం రోజులు కదలొద్దన్నారు. కదలగలిగితే ఫోన్ చేసేవాణ్ణే కాదు.

వేరే రోజుల్లో అయితే ఇది వీధంతా చెప్పుకుని నవ్వుకుని మర్చిపోయే సంగతి. కానీ ఆ రోజుకి నా ధాన్యం మొత్తం రోడ్డు మీద ఉంది.

పామర్రు నుంచి కూచిపూడి వైపు పోయే దారిలో మా ఊరు. డిసెంబరు మొదట్లో ఆ దారిన వచ్చే బస్సుకి సగం రోడ్డే దక్కుతుంది, మిగతా సగం వడ్లది. కోత మిషను చేలో దిగి ఒక్క పూటలో పని ముగించుకుని వెళ్లిపోతుంది. అది ఇచ్చే గింజ మాత్రం తడి తడిగా ఉంటుంది. తేమ తగ్గితేగాని ఎవరూ కొనరు. అందుకని తారు రోడ్డు మీద పలచగా పరిచి ఎండబెడతాం. బస్సు డ్రైవర్లు ఇన్నేళ్లుగా ఏమీ అనలేదు. వాళ్ల ఇళ్లల్లోనూ వడ్లుంటాయి.

ఆ పంట నాకు మొదటి పంట. అంతకు ముందు విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, గుణదలలో అద్దెకుండేవాళ్లం. పొలం కౌలుకిచ్చేవాళ్లం. ఆ ఏడాది ఉద్యోగం మానేసి, ఊరికొచ్చేసి, మా నాన్న పొలం నేనే చేశాను. మా పక్క పొలం రైతు, తెల్లవారకముందే గట్టు మీద ఉండే పెద్దాయన, నాట్ల రోజున వచ్చి, "వరి పుస్తకంలో పండదండీ మాస్టారూ" అన్నాడు. అందుకే చేలో వేశానన్నాను. పంట బాగానే వచ్చింది. ఎంత బాగా అంటే, ఆ పెద్దాయన గట్టు దిగొచ్చి ఒక కంకి తెంపి గింజలు లెక్కపెట్టుకున్నాడు.

ఆ గింజే మా ఏడాది. వాన పడితే రంగు మారుతుంది, నానితే మొలకలొస్తాయి. మొలకలొచ్చిన వడ్లు కొనేవాడు లేడు. అవి పోతే రెండో పంటకి దిగలేను. పొలం మళ్లీ కౌలుకిచ్చి, విజయవాడ బస్సెక్కి, సుద్దముక్క పట్టుకోవాలి. ఊళ్లో ఎవరూ ఏమీ అనరు గాని, అనకుండా ఉండటంలో కూడా రకాలుంటాయి.

తుఫాను ఒడిశా వైపు పోతుందని శుక్రవారం చెప్పారు. ఆ మాట నమ్మి పరిచాను. ఆదివారం తెల్లవారుజామున ఫోన్ తెరిస్తే, అది మనసు మార్చుకుని మా వైపు తిరిగింది, మధ్యాహ్నానికి వాన. కూలీల మేస్త్రికి ఫోన్ చేశాను. చుట్టుపక్కల ఊళ్లన్నిట్లోనూ అందరి వడ్లూ రోడ్ల మీదే ఉన్నాయి, మనుషులందరూ ఎవరో ఒకరి దగ్గర కుదిరిపోయారు.

"రేపైతే తప్పకుండా వస్తామండీ మాస్టారూ" అన్నాడు.

"రేపొస్తే ఈత వచ్చినవాళ్లని తీసుకురా" అన్నాను. నవ్వి పెట్టేశాడు.

మా ఆవిడ సంగతి విని చీకట్నే వెళ్లి, ఒక్కతే చెక్కతో వడ్లు దగ్గరికి లాగి చూసి, అరచేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చింది. ఒక మూల కూడా దగ్గరపడలేదు. స్నానం చేసి, చర్చికి చీర కట్టుకుని, మంచం పక్కన నిలబడింది.

"నేను వెళ్లి సంఘంలో చెబుతానండీ."

"ఏం చెబుతావ్?"

"వడ్ల సంగతి."

"ఆరాధనకి వచ్చిన జనాన్ని వడ్లెత్తడానికి పిలుస్తారా ఎవరైనా? మంచి బట్టలు కట్టుకొస్తారు. పైగా ఎవరి పనులు వాళ్లకుంటాయి."

"మీరు ఆసుపత్రులకి తిరిగారే, అప్పుడు మీకు పనుల్లేవా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

జవాబు లేని ప్రశ్న వస్తే క్లాసులో సిలబస్‌లో లేదనేవాణ్ణి. ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. సాయం చెయ్యడంలో నాకు మంచి పేరే ఉంది. ఊళ్లో ఎవరికి బాగోలేకపోయినా విజయవాడ పెద్ద డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లేది నేనే. వైద్యం గురించి నాకేమీ తెలియదు. డాక్టరు ఇంగ్లీషులో కసిరితే తిరిగి ఇంగ్లీషులో నవ్వగలను, అంతవరకే. తీసుకోవడం దగ్గరికొచ్చేసరికి సంగతి వేరు. పక్కింటి నుంచి గోంగూర పచ్చడి వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగెళ్లేది కాదు. ఇంట్లో ఏమీ లేకపోతే పంచదార పోసైనా పంపించేవాణ్ణి. ఆదివారం మాత్రం కృప ఉచితమని అందరికంటే పెద్ద గొంతుతో పాడేవాణ్ణి. క్రీస్తు దగ్గర ఏకంగా ప్రాణాన్నే ఊరికే తీసుకోవడానికి మొహమాటం లేదు. పచ్చడి దగ్గర వచ్చేది.

పుచ్చుకోవడం కంటే ఇవ్వడం ధన్యమన్న మాట మా ముందు గదిలో క్యాలెండరు మీద ఉంటుంది. ఒకసారి మా ఆవిడ దాని దుమ్ము దులుపుతూ, "అందరూ ఈ ధన్యత కోసమే ఎగబడితే పుచ్చుకునే కష్టం ఎవరు పడాలండీ?" అంది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. పాతికేళ్లు ఆఖరి బెంచీని చూసినవాడికి అది కష్టం కాదు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఆరాధన మధ్యలో ప్రార్థన అంశాలు చెప్పే సమయం ఉంటుంది. అవసరం ఉన్నవాళ్లు మైకు దగ్గరికి వచ్చి చెబుతారు, అయ్యగారు అన్నిటికీ కలిపి ప్రార్థన చేస్తారు. అయ్యగారంటే మా పాస్టరు గారు. ఇందులో ఒక మర్యాద ఉంది: అసలు విషయం ఎవరూ చెప్పరు. "ఒక కుటుంబంలో ఒక సమస్య ఉందండీ." "ఒక సహోదరుడి ఉద్యోగ విషయం." "నా హృదయంలో ఉన్న ఒక మనవి." దేవుడికి అన్నీ తెలుసు కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. పక్కనున్నవాడికి తెలియకుండా మాత్రం గట్టి జాగ్రత్త తీసుకుంటాం. బిడ్డకి జ్వరం కాస్తున్న తండ్రి కూడా "ఒక బిడ్డ ఆరోగ్యం" అంటాడు. ఆ పక్కనే కారున్నవాడు కూర్చుని ఉంటాడు, ఆమెన్ అంటాడు, కారెక్కి ఇంటికి పోతాడు. తండ్రి బిడ్డనెత్తుకుని బస్సు కోసం నిలబడతాడు.

"సరే, ప్రార్థన అంశంగా చెప్పు" అన్నాను. "పద్ధతిగా. ఒక కుటుంబంలో ఒక అవసరం ఉంది, అను చాలు."

"అంతేనా?"

"అంతే. దేవుడికి అర్థమవుతుంది."

"సరే" అంది. మా ఆవిడ అంత తొందరగా సరే అన్నప్పుడే నేను అనుమానించాల్సింది.

చర్చి మా ఇంటికి దగ్గరే. దాని పైన రెండు మైకులుంటాయి, ఒకటి ఊరి వైపు, ఒకటి పొలాల వైపు. చర్చికి రానివాళ్లకి కూడా ఆరాధన తప్పదు. మంచం మీద పడుకుని పాటలు విన్నాను. నా గొంతు లేకపోయినా పాట ఏమీ పాడవలేదు, అది గమనించాను. తర్వాత అంశాలు మొదలయ్యాయి. ఎవరికో ఆస్తి విషయం, ఎవరికో ప్రయాణం. ఆ తర్వాత మా ఆవిడ గొంతు.

"అందరికీ వందనాలండీ. మా ఆయన ఒక అంశం చెప్పమన్నారు. ఒక కుటుంబంలో ఒక అవసరం ఉంది."

ఆగింది. బాగానే చెప్పిందనుకున్నాను.

"ఆ కుటుంబం మాదేనండీ. ఆ అవసరం వడ్లు. రోడ్డు మీద ఉన్నాయి. మధ్యాహ్నానికి వానంట. మా ఆయనకి నడుము పట్టేసి మంచం మీద ఉన్నారు. ఆయన అడగరు, ఆయనకి నామోషీ. నేను అడుగుతున్నాను. ప్రార్థన చేసి రండి. లేదంటే ముందు రండి, దారిలో ప్రార్థన చేసుకోవచ్చు."

ఊరి వైపు ఒకసారి, పొలాల వైపు ఒకసారి వెళ్లింది ఆ మాట. నేను దుప్పటి మొహం మీదకి లాక్కున్నాను. ఆ మాత్రం కదలికకి నడుము ఒప్పుకుంది.

మా అయ్యగారు మంచివారు. ఆయన ప్రసంగానికి మాత్రం ఒక మొదలుంటుంది, ఒక మధ్య ఉంటుంది, తర్వాత ఇంకో మధ్య ఉంటుంది. ఆ రోజు ఆయన గొంతు సవరించుకుని, "ఇది ప్రార్థన అంశం కాదమ్మా" అన్నారు. దుప్పటి కింద నాకు కాస్త ఊపిరాడింది.

"ఇది పని" అన్నారు. "ప్రభువా, వానని కాసేపు ఆపు, మేం బయల్దేరుతున్నాం, ఆమెన్. లేవండి. ప్రసంగం తర్వాత. ఇంట్లో బరకాలున్నవాళ్లు బరకాలు తెండి, పారలున్నవాళ్లు పారలు. ఏమీ లేనివాళ్లు చేతులు తెండి."

బరకాలంటే టార్పాలిన్ పట్టాలు. మైకు ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు. చాపలు చుడుతున్న చప్పుడు, చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు, అందులో ఒక చిన్నపిల్ల గొంతు: "అమ్మా, అప్పుడే అయిపోయిందా?"

కాసేపటికి అయ్యగారు నా మంచం దగ్గరున్నారు. తెల్ల అంగీ విప్పేసి లుంగీ ఎగ్గట్టారు.

"మీకెందుకండీ అయ్యగారూ శ్రమ" అని మొదలుపెట్టాను. "ఏదో చూసుకుందాం, పర్లేదు…"

"మాస్టారూ, మా అమ్మని మీరు విజయవాడ కంటాసుపత్రికి తిప్పినప్పుడు నేను పర్లేదన్నానా, లేదా?"

"అన్నారు."

"ఎన్నిసార్లన్నాను?"

"వెళ్లిన ప్రతిసారీ."

"మీరు విన్నారా?"

"లేదు."

"నేనూ వినను" అన్నారు.

నన్ను ఇంట్లో వదిలి వెళ్లడానికి వీల్లేదు. విత్తనానికి అట్టేపెట్టిన గింజ వేరే పరిచాను. అమ్మే గింజలో అది కలిసిపోతే వచ్చే ఏడు నా చేలో ఏం మొలుస్తుందో దేవుడికే తెలియాలి. ఏది ఏదో నేనే చూపించాలి. అందుకని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు తలో కాలూ పట్టుకుని ఎత్తారు.

పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి, యేసు ముందు దింపిన కథ సండే స్కూలు పిల్లలకి నేను చాలాసార్లు చెప్పాను. మోసినవాళ్ల నమ్మకం గురించి బాగా చెప్పేవాణ్ణి. ఆ కప్పు తర్వాత ఎవరు కప్పించారని పిల్లలడిగితే రాయలేదని చెప్పేవాణ్ణి. పైన పడుకున్నవాడి సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఊరంతా చూస్తుండగా గాల్లో ఊగుతూ పోవడం ఎలా ఉంటుందో కుర్చీలో తెలిసింది. దేవుడి దగ్గరికి వెళ్లడానికి వాడు చేసిందల్లా తనని మోయనివ్వడమే. అది చిన్న పని అని అంతవరకూ అనుకున్నాను.

"మెల్లిగా… ఎడమ పక్క గుంట ఉంది… అయ్యో, మీ చొక్కా నలిగిపోతోంది…" అంటూ పోతున్నాను.

వెనక నుంచి మా ఆవిడ, "ఆ పక్షవాతమాయన నయం, నోరు మూసుకుని మోయించుకున్నాడు" అంది. మోసేవాళ్లకి నవ్వొచ్చి కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.

రోడ్డు మీదకి వెళ్లేసరికి అక్కడ ఆదివారం జరుగుతోంది. ఇస్త్రీ చొక్కాలవాళ్లు ప్యాంట్లు మడిచి చెక్కలు లాగుతున్నారు. పట్టుచీరల వాళ్లు కొంగులు దోపుకుని సంచుల మూతులు పట్టుకున్నారు. సంచి నిండగానే ఒకాయన దబ్బనంతో పురికొస దూర్చి కుట్టేస్తున్నాడు. ఆయన మా సంఘంలో కానుకల సంచీ పట్టుకునే పెద్ద. సంచి మూతి కుట్టడం ఆయనకి ఆ రోజే మొదటిసారి. ఎవరో పాట ఎత్తుకున్నారు, చెక్కలు దానికి తగ్గట్టు కదిలాయి. నేను వేలు పెట్టి చూపిస్తే విత్తనాల గింజని విడిగా రాశి పోశారు. బందరు వైపు ఆకాశం మాత్రం నల్లగా దగ్గరికొస్తోంది.

అప్పుడే ట్రాక్టరు చప్పుడైంది. మా పక్క పొలం పెద్దాయన. చర్చి గడప తొక్కని మనిషి, సోమవారం సోమవారం శివాలయానికి పోయే మనిషి. ట్రాక్టరుకి వెనక అడ్డంగా పెద్ద చెక్క కట్టుకుని వచ్చాడు.

"మైకులో విన్నానండీ మాస్టారూ" అన్నాడు. "మీవాళ్ల పాటలకి ప్రతి ఆదివారం తిట్టుకుంటూ కూర్చుంటా. ఇవాళ పనికొచ్చే ముక్క ఒకటి వినపడింది."

"మీ ధాన్యం సంగతేంటి బాబాయ్ గారూ?"

"మొన్ననే మిల్లుకెళ్లిపోయింది. ఫోన్ చూసి పరిచింది మీరు, నేను మబ్బు చూసి ఎత్తేశా." ట్రాక్టరు తిప్పుతూ మళ్లీ అన్నాడు, "పండించడం నేర్చుకున్నారు, ఎండబెట్టడం వచ్చే ఏడు నేర్పుతా."

వచ్చే ఏడు అన్నాడు. నేను దాన్ని జాగ్రత్తగా విన్నాను.

బరకాలు చాలవని తేలింది. అయ్యగారు పామర్రులో బరకాలమ్మే భాయ్‌కి ఫోన్ చేశారు. ఆదివారం కొట్టు మూసి ఉంది. ఆయన కొట్టు తెరిచి, ఆటోలో కొత్త బరకాలు వేసుకుని, తనే వచ్చాడు. అంతవరకూ నేనాయన్ని చూసింది లేదు. అక్కడే నాకు ఇబ్బందొచ్చింది. అయ్యగారి సాయాన్ని కంటాసుపత్రి కింద సర్దుకోగలిగాను. పెద్దాయనకీ ఎప్పుడో ఏదో చేసే ఉంటాను. ఈయనకి నేనేమీ చెయ్యలేదు, చేసే అవకాశం కూడా కనపడలేదు.

"భాయ్, అద్దె ఎంతో ముందే చెప్పండి" అన్నాను కుర్చీలోంచి.

"ముందు కప్పనివ్వండి మాస్టారూ."

"అలా కాదండీ. మనకి పరిచయం కూడా లేదు."

"ఇప్పుడయిందిగా" అని బరకం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కృప గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఇంత పొట్టిది వినలేదు.

ఇక నా పని కూర్చోవడం. చుట్టూ అందరూ చెమటలు కక్కుతుంటే మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చోవడం కంటే బీరువా జరపడం తేలిక. ఆ బీరువా పెద్దావిడ కూడా వచ్చింది. కర్ర పొడుచుకుంటూ, చేతిలో నా చెప్పులతో. నన్ను వట్టి కాళ్లతో ఎత్తుకొచ్చారని గమనించింది ఆవిడ ఒక్కతే. కుర్చీ ముందు మెల్లగా కూలబడి, నా కాలు పట్టుకుని చెప్పు తొడగబోయింది. ఆవిడ మా అమ్మ కంటే పెద్దది. కాలు వెనక్కి లాక్కున్నాను.

"వద్దండీ మామ్మగారూ, నేను తొడుక్కుంటా."

"వంగగలవా?"

"లేదు."

"మరి ఊరుకో నాయనా" అని మోకాలి మీద ఒక్కటి వేసి, కాలు లాగి తొడిగింది.

బైబిల్లో, యేసు తువాలు కట్టుకుని కాళ్లు కడగడానికి వంగితే వద్దన్న శిష్యుడొకడున్నాడు. అది వినయమని నేను అనుకునేవాణ్ణి, పిల్లలకీ అలాగే చెప్పాను. కడగనివ్వకపోతే నాతో నీకు పొత్తు లేదని ఆయన ఎందుకంత గట్టిగా అన్నాడో నాకు అర్థమయ్యేది కాదు. రెండో చెప్పు తొడుగుతున్నప్పుడు కాలు ముందుకి పెట్టాను. పెట్టడానికి కాస్త బలం కావాల్సొచ్చింది.

ఆఖరి బరకానికి తాడు బిగిస్తుండగా మొదటి చినుకు పడింది. అయ్యగారు పైకి చూసి, అడిగిన చోట బస్సాపిన డ్రైవరుకి చెప్పినట్టు, "థాంక్సండీ" అన్నారు. మరుక్షణం కుండపోత. నన్ను కుర్చీతో సహా బస్ షెల్టర్లోకి లాగారు. సంఘమంతా పెద్దాయనతో, భాయ్‌తో కలిసి ఆ రేకుల కింద ఇరుక్కుంది. తప్పించుకునే దారి ఎవరికీ లేదని చూసి అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. రేకుల మీద వాన హోరుకి ఒక్క ముక్క వినపడలేదు. ఆమెన్లు మాత్రం పడాల్సిన చోటే పడ్డాయి.

నా కుర్చీ అంచున ఉంది, రోడ్డు వైపు మొహంతో. మిగతా అందరూ అయ్యగారి వైపు చూస్తున్నారు. అందుకని అది నాకొక్కడికే కనపడింది. రోడ్డు పక్క బోదె కాలవ నిండి, పొంగి, ఆ నీళ్లు విత్తనాల రాశి వైపు పాకుతున్నాయి. పైన బరకం బాగానే ఉంది. కింద నుంచి నీళ్లు పోతే బరకం చేసేదేమీ లేదు. ఆ రాశి తడిస్తే వచ్చే ఏడాది లేదు.

లేవబోయాను. నడుము ఒప్పుకోలేదు. చేతులు కుర్చీకి ఆనించి మళ్లీ లేవబోయాను. కళ్ల ముందు చుక్కలు కనపడ్డాయి గాని కాళ్లు కదల్లేదు. నీళ్లు బరకం అంచు దాకా వచ్చాయి. పక్కనున్నాయన చొక్కా లాగి, "ఏం లేదండీ, ఆ రాశి దగ్గర కాస్త…" అన్నాను. ఆయన నా వైపు తిరిగి ఆమెన్ అన్నాడు.

అప్పుడు అరిచాను.

"నీళ్లొస్తున్నాయి. నా వల్ల కాదు. సాయం చెయ్యండి."

రేకుల హోరుని దాటి వెళ్లింది ఆ అరుపు. అయ్యగారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. ఒక క్షణం అందరూ నా వైపు చూశారు, నీళ్లని కాదు. తర్వాత షెల్టరు ఖాళీ అయిపోయింది. పెద్దాయన పార లాక్కుని పరిగెత్తాడు, వెనకే భాయ్. ఇద్దరూ మోకాలి లోతు బోదెలో దిగి చేను వైపు గండి కొట్టారు. అయ్యగారు బురదని దోసిళ్లతో ఎత్తి రాశి చుట్టూ కట్ట పోస్తున్నారు. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు అన్న తేడా పోయింది, అందరూ ఒకే రంగులో ఉన్నారు. మా ఆవిడ బరకం అంచు ఎత్తి పట్టుకుని, "ఇటు, ఇటు పొయ్యండి" అని అజమాయిషీ చేస్తోంది. నేను కుర్చీలోంచి, "కుడి పక్క ఇంకా పారుతోంది, అక్కడికి ఇద్దరు రండి" అని పిలుస్తున్నాను. పిలిచినప్పుడల్లా వచ్చారు. ఒక్కసారి నోరు పెగిలాక మిగతావి వాటంతటవే వచ్చాయి.

నీళ్లు ఒక్క నిమిషం ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు ఆగి, గండి వైపు తిరిగి, చేలోకి దూకాయి. పెద్దాయన బోదెలోంచి పైకొచ్చి, పార కడుక్కుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం మాస్టారూ, ఇంత గొంతుందా మీకు? క్లాసులో ఇలా అరిచుంటే మా మనవడు ఫిజిక్స్ పాసయ్యేవాడు."

మా ఆవిడ రాశి అడుగున చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు తీసి, తెచ్చి నా చేతిలో పోసింది. పొడిగా గలగలమన్నాయి. ఆవిడ చెయ్యే తడిగా ఉంది.

వాన వెలిసి ఎండ వచ్చాక, ధాన్యం కొనే కేంద్రం నుంచి ఒకాయన తేమ చూసే మిషను తీసుకుని వచ్చాడు. చూసిన సంచినే మళ్లీ చూశాడు.

"ఇది తుఫానులో రోడ్డు మీదున్న ధాన్యమేనా?"

"ఔనండీ" అంది మా ఆవిడ. "సంఘమంతా కాపలా ఉంది."

లారీ వచ్చింది. పిలిస్తే, అంటే నేను పిలిస్తే, మళ్లీ అందరూ వచ్చారు. సంచులెత్తారు. లోడు మీద సంతకం నాదే కావాలన్నారని నన్ను మళ్లీ కుర్చీలో రోడ్డు మీదకి మోసుకొచ్చారు. లారీ కదిలినప్పుడు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మా ఊళ్లో లారీకి చప్పట్లు కొట్టడం అదే మొదలు. విత్తనాల సంచులు మా వరండాలో ఉన్నాయి. పెద్దాయన వాటిలో ఒకదాన్ని తట్టి, "నారు పోసే ముందు నాకు చెప్పండి" అన్నాడు. నా మొదటి పంట పామర్రు వైపు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. గర్వపడకూడదని బోధించే మతంలో పుట్టాను గాని, ఆ ఒక్క పూట అయ్యగారు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఆ సంబరంలో అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. మాస్టార్ని ఎవరో మోసుకెళ్తారని అందరూ అనుకున్నారు. మా ఆవిడ అన్నం వార్చడానికి ముందే వెళ్లింది. ఫోన్ మంచం మీద ఉంది. రోడ్డు పక్కన నేనూ, కుర్చీ మిగిలాం.

కూచిపూడి వైపు నుంచి బస్సు వచ్చి నా ముందు ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "ఎక్కండి, ఎక్కండి" అన్నాడు.

"ఎక్కనండీ. నడుము పట్టేసింది, లేవలేను. అదిగో, ఆ నీలం గేటు మా ఇల్లు. కుర్చీతో సహా అక్కడ దింపగలరా?"

ఆయన నన్నూ, గేటునీ, చేతి గడియారాన్నీ చూశాడు. తర్వాత బస్సులోకి తిరిగి, "కాస్త ఒళ్లున్నవాళ్లు దిగండయ్యా" అన్నాడు.

దిగారు. ఎవరో, ఏ ఊరివాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకాయన తన చేతిలో ఉన్న అరటిపళ్ల గెల ఎక్కడ పెట్టాలో తెలియక నా ఒళ్లో పెట్టాడు. బస్సు కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. నేను పళ్లు పట్టుకుని, హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. గేటు చప్పుడుకి మా ఆవిడ గరిటెతో బయటికొచ్చింది. నన్ను చూసింది, వాళ్లని చూసింది, రోడ్డు మీద ఆగిన బస్సుని చూసింది.

"ఎవరండీ వీళ్లంతా?"

"తెలియదు" అన్నాను. "నేనే అడిగాను."